అత్త పలకని పేరుకు ఓట్లు

ఆ రోజుల్లో, అంటే తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం వచ్చినా మద్రాసు మాత్రం ఉన్నచోటే ఉండిపోయి, ట్రాములు ఆగిపోయినా వాటి పట్టాలు ఇంకా రోడ్ల మీద మెరుస్తూ ఉన్న రోజుల్లో, నేను ఎవరి మాటనూ ఊరికే నమ్మేవాణ్ణి కాను. రసాయనశాస్త్రంలో కొత్తగా పట్టా పుచ్చుకుని, ఒక కాలేజీలో విద్యార్థులకు గాజు గొట్టాలు పగలగొట్టకుండా పట్టుకోవడం నేర్పే ఉద్యోగంలో చేరాను. ఆ వయస్సులో శాస్త్రం కొంచెం వంటబట్టిందంటే జ్వరంలాగా ఒళ్లంతా పాకుతుంది. పాలవాడు "నీళ్లు కలిపుంటే నా కండ్లు పోతాయి సామీ" అని ఒట్టు పెట్టుకుంటే, నేను పాలలో లాక్టోమీటరు ముంచి చూసి, ఆ తరువాత అతని కళ్లలోకి చూసేవాణ్ణి. (ఆ రెండు పరిశీలనలకూ పొత్తు కుదరలేదు. కళ్లు దివ్యంగా ఉండేవి.) ఇంట్లోవాళ్లు నన్ను ఎంత ఓపికతో భరించారో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

నేనుండింది పురసవాక్కంలో మా మేనమామ ఇంట్లో. మామకు అక్కడే చీరల అంగడి. తమ వంశం ఈ పట్నానికి వచ్చి మూడు వందల ఏళ్లయిందని మామ అనేవాడు. నాలుగు వందలని వకీలు తాతగారు అనేవారు. ఆధారమేమిటని నేనడిగితే ఇద్దరూ కాఫీ తెప్పించేవారు. వకీలు తాతగారంటే మా వీధి చివరి మేడలో ఉండే పెద్దమనిషి. కోర్టుకు వెళ్లడం మానేశారు గాని వాదించడం మానలేదు. ఆయన అధ్యక్షతన మా పేటలో ఒక రాజకీయ పక్షం నడిచేది. దాని అసలు పేరు ఒక పొడుగాటి సంస్కృత సమాసం. ఒక్క ఊపిరిలో పలకడం అసాధ్యమని నేను స్వయంగా ప్రయత్నించి నిర్ధారించాను. వీధిలో అందరూ దాన్ని పెద్దల పార్టీ అనేవారు. పూర్వులు ఏర్పరచిన దేనినీ తొందరపడి మార్చరాదన్నది దాని సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని అది తన సభలకు కూడా వర్తింపజేసుకున్నందువల్ల, సభ్యులూ, కుర్చీలూ, ఏ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న క్రమమూ నాకు ఊహ తెలిసినప్పటినుంచి మారలేదు.

ఈ పక్షం తరఫున మామ ఒకసారి కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడి, చెప్పుకోవడానికి వీలులేనంతగా ఓడిపోయాడు. అంతవరకు అంగడి ముందర మెత్త మీద దిండుకానుకుని, వచ్చేపోయేవాళ్లనందరినీ పలకరిస్తూ కూర్చున్న మనిషి, ఆ మరునాడు మెత్తను లోపలికి, పట్టుచీరల బీరువాల వెనక్కు మార్పించాడు. "ముందర ఎండ పడతాదిరా" అన్నాడు. (ఆ అంగడిది ఉత్తరపు ముఖం, పైన తాటాకు పందిరి. ఎండ పడే అవకాశం లేదు. ఇది కూడా నేను పరిశీలించాను గాని, మామతో అనలేదు. నాలో అప్పటికే ఎంతో కొంత మంచితనం ఉండేదనడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఇదొక్కటే.) మళ్లీ ఎన్నికలు వచ్చి, మామనే మళ్లీ నిలబెడదామని పెద్దలు అనుకున్నప్పుడు, అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఈ తూరి గెలిస్తే ఆయన మళ్లా ముందరికొచ్చి కూచుంటారురా. నాకు కావాల్సింది అంతే. కార్పొరేషన్ ఏమైపోతే నాకేంది?"

పార్టీకి ఓటర్లను పెంచుకోవడమెట్లా అని ఆలోచించడానికి తాతగారి మేడ మీద సభ చేశారు. రాహుకాలం వెళ్లేదాకా ఆగి, వెండి గ్లాసుల్లో కాఫీలు వచ్చాక, తాతగారు గొంతు సవరించుకున్నారు.

"ఈ డివిజన్లో ముక్కాలు భాగం మన భావాల వాళ్లే. ప్రజలు మనతోనే ఉండారు. ఓట్లు మాత్రమే లేవు."

"ముప్పాతిక భాగమని ఎట్లా తెలిసింది తాతగారూ?" అన్నాను, మామ మోకాలితో పొడుస్తున్నా వినకుండా.

"ఎట్లా తెలిసేదేంది? తెలిసిందే గదా!"

"ఎవరినైనా అడిగి చూశారా?"

"ఇంటింటికీ పోయి, అయ్యా నీ భావాలేంది అని అడిగితే మర్యాదగా ఉంటుందటయ్యా?" అన్నారాయన. వెండి గ్లాసు కింద పెట్టి, "సరి. నువ్వే పోయి అడిగిరా. నీకేగా అన్నీ ముంచి చూడాల" అన్నారు. లాక్టోమీటరు కీర్తి అంత దూరం పాకిందని నాకు అప్పుడే తెలిసింది.

అడగడానికి బయలుదేరాను. నాకు తెలిసివచ్చిన మొదటి సంగతి మా కరపత్రాల గురించి. తాతగారు వాటిని నిఘంటువు ముందు పెట్టుకుని రచించారు; మంచి దళసరి కాగితం మీద అచ్చు వేయించారు. అవి పేటలో ప్రతి ఇంటికీ చేరాయని పెద్దలు చెప్పేవారు. అది నిజమే. వీధి మొదట్లో పొయ్యి పెట్టుకుని ఇడ్లీలు అమ్మే అవ్వ నన్ను చూడగానే చెయ్యూపింది. "నాయనా, మీ కాగితం బలే గట్టిగా ఉండాది. చట్నీ కారదు. ఇంకో కట్ట ఉంటే తెచ్చీరాదా!" మా సిద్ధాంతాలు గుడిసె గుడిసెకూ చేరాయి, ఇడ్లీల అడుగున.

రెండవ సంగతి అంతకంటె ముఖ్యమైనది. మా పెద్దలు ఏ ఇంటికి వెళ్లినా మగవాళ్లతోనే మాట్లాడేవారు. పరాయి స్త్రీని పలకరించడం మర్యాద కాదు. కాబట్టి ఓటర్లలో సగం మందిని ఓటు వేయమని మా పక్షం ఎన్నడూ అడిగి ఉండలేదు. తలుపు చాటునుంచి వాళ్లే నన్ను అడిగారు: "మేమూ ఓటేయచ్చంట గదా తమ్ముడూ? ఎవురికేయాల? మమ్మల్ని ఎవురూ అడగనే లేదే!"

ఈ మాట నేను సభలో చెబితే తాతగారు చిరునవ్వు నవ్వారు. "పిచ్చివాడా, ఇంటాయన ఓటు యాడబడితే ఆడవాళ్ల ఓటూ ఆడే పడతాది. అది వేరేగా అడగబల్లేదు."

"అది పరీక్షించదగిన ప్రతిపాదన తాతగారూ. ఈసారి బామ్మగారు ఎవరికి వేస్తారో మీరు ఇంట్లో కనుక్కుని చెప్పండి, చాలు."

మరునాడు ఆయన కొంచెం ఆలస్యంగా వచ్చారు. కాఫీ పూర్తిగా తాగారు. ఉత్తరీయం రెండుసార్లు సర్దుకున్నారు. "ఓటనేది రహస్యమంట" అన్నారు చివరకు, "మీ బామ్మ చెప్పింది." ఆ తరువాత చాలాసేపటికి, ఎవరూ అడగకుండానే, "నవ్వింది కూడా" అన్నారు.

ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలని ఆనాడే తీర్మానమైంది. అభ్యర్థి భార్య కాబట్టి మా అత్త ముందు నడవాలి. తోడుగా వకీలు బామ్మగారు తమంతట తామే వస్తానన్నారు. చేతిసంచీ మోయడానికి నేను. అత్త వెంటనే ఒప్పుకుంది; ఒక్క షరతు మాత్రం పెట్టింది. "నేను ఆయన పేరు చెప్పను."

ఈ కాలపు పాఠకులకు ఒక మాట వివరించాలి. మా ఇళ్లలో భార్య భర్త పేరును నోటితో పలకదు. పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందని నమ్మకం. పెళ్లినాడు పదిమంది మధ్య బలవంతాన చెప్పించిన పేరును అత్త మళ్లీ పలికి ఎరగదు. అభ్యర్థి పేరు చెప్పకుండా ఓట్లు అడగడమంటే చీర చూపించకుండా బేరం చేయడమే. నేను శాస్త్రీయంగా వాదించాను: శబ్దం అంటే గాలిలో కదలిక, దానికీ గుండెకూ సంబంధం లేదు, ఆయుస్సు తగ్గిందనడానికి ఒక్క ఆధారమైనా లేదు.

అత్త పప్పు ఎనుపుతూ శ్రద్ధగా వింది. "సరిరా. నువ్వు కాలేజీలో ఏదైనా పరీక్ష చేయాలంటే ఎన్ని సీసాలు పెట్టుకుంటావు?"

"రెండో మూడో. ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలి కదా."

"నాకుండేది ఒకే మామ" అంది అత్త.

అంత బలమైన అభ్యంతరం మా ఆచార్యులు కూడా ఎన్నడూ లేవదీయలేదు.

ఆ రోజుల్లో ఓటింగుకు అభ్యర్థికొక పెట్టె పెట్టి, పెట్టె మీద అతని గుర్తు అతికించేవారు. మాకు వచ్చిన గుర్తు చెంబు. కాబట్టి పేరు లేకపోయినా చెంబుతో నెట్టుకురావచ్చునని నేను లెక్క వేశాను. ఆ లెక్క ఇడ్లీల అవ్వ పొయ్యి దగ్గరే తప్పింది. అత్త చేతులు జోడించి, "చెంబుకి ఓటేయాలమ్మా" అంది. అవ్వ పైకి కిందికి చూసింది.

"చెంబు సరే. ఎవురిది చెంబు?"

"మా ఇంటాయనది."

"మీ ఇంటాయన ఎవురు?"

అత్త తల వంచుకుంది. నేను నోరు తెరిచాను. అవ్వ గరిటె ఎత్తింది. "నువ్వుండు నాయనా! ఆయమ్మ మొగుడు పేరు నువ్వు చెప్పేదేంది? మేం కనుక్కుంటాం. చెప్పు తల్లీ, ఏ సామి పేరు?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాయవ్యం వైపు చూపించింది. "కొండమింద ఉండాడే, ఆయనది."

"ఓ, తిరప్తి సామి! గోవిందసామా?"

"కాదు."

"తిరుమలయ్యా?" అంది ఇడ్లీలు కొనడానికి వచ్చిన ఒక పిల్ల.

"ఊహూఁ."

"ఏడుకొండలా?" "బాలాజీయా?" "పెరుమాళ్లా?" నలుగురు పోగయ్యారు, ఎనిమిది మందయ్యారు. స్వామివారికి అన్ని పేర్లు ఎందుకో నాకు ఆనాడు అర్థమైంది. ఒక్కో పేరూ తప్పిపోతుంటే అత్త ముఖంలో సిగ్గు పెరుగుతోంది, గుంపులో పట్టుదల పెరుగుతోంది. ఆఖరికి వెనక ఎక్కడో ఒక సన్నని గొంతు అసలు పేరు పలికింది. అత్త ముఖం చూడగానే అందరికీ తెలిసిపోయింది. వీధంతా చప్పట్లు!

"నిజం చెప్పద్దూ, మేమూ చెప్పం తల్లీ" అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడు మా ముసలోడి పేరు నువ్వు కనుక్కో, చూస్తాం." ఆమె భర్త ఒకప్పుడు హార్బరులో బండి లాగినవాడు. వకీలు బామ్మగారు, అంతవరకు గొడుగు కింద నిలబడి ఎవరితోనూ మాట్లాడని వకీలు బామ్మగారు, గొడుగు మడిచి నా చేతికిచ్చి, "సుబ్రమణ్యస్వామి పేరా?" అన్నారు.

మా పెద్దలు తమ ఆచారాలు తమకు మేడలతోపాటు పిత్రార్జితంగా వచ్చాయనుకునేవారు. ఆ ఆచారమే తాటాకు కప్పు కింద కూడా, పన్ను రసీదు లేకుండా, తరతరాలుగా కాపురముంటోందని వాళ్లకెవరూ చెప్పలేదు. ఆ తరువాత మేము ఏ సందులోకి వెళ్లినా వార్త మాకంటె ముందు చేరేది: "పేరు చెప్పని అక్క వస్తా ఉంది!" పొడుగాటి సమాసం నోరు తిరగని వాళ్లందరికీ మామ పేరు కంఠస్థమైంది, ఎందుకంటే ఎవరికి వాళ్లు దాన్ని స్వయంగా కనిపెట్టారు. (విద్యార్థి తానే కనుక్కున్న సూత్రాన్ని మరచిపోడని నేను తరగతిలో చెప్పేవాణ్ణి. పాటించింది మాత్రం అత్త.) అవతలి పక్షంవాళ్లు ఒక సాయంత్రం సభ పెట్టి, "కట్టుకున్న పెండ్లామే పేరు చెప్పనోడికి మీరెట్లా ఓటేస్తారు?" అని ఎగతాళి చేస్తే, జనంలోంచి అవ్వ గొంతు లేచింది. "మీ ఇంటామె నిన్ను పేరు పెట్టి పిలస్తాదా నాయనా? పిలిపించు చూస్తాం!" వక్త తరువాతి విషయానికి వెళ్లిపోయాడు.

ఇక ఎన్నికల నాడు. ఒక బడిలో పోలింగు. నేను మామ తరఫు ఏజెంటుగా లోపల బల్ల దగ్గర కూర్చున్నాను. స్త్రీల వరుస గేటు దాటి, రోడ్డు మలుపు తిరిగి పోయింది. మేడల వాళ్లూ, గుడిసెల వాళ్లూ కలగలసి నిలబడ్డారు. పోయినసారి మా ఇళ్ల స్త్రీలు అసలు గడప దాటలేదు. ఇక గెలిచామనే అనుకున్నాను. అప్పుడు వరుసలో మొదట నిలబడ్డ వకీలు బామ్మగారిని అధికారి (ఎక్కడో లెక్కల మేష్టారట, తమిళుడు) మర్యాదగా అడిగాడు: "పురుషన్ పేరు సొల్లుంగమ్మా."

భర్త పేరు చెప్పమంటున్నాడు! బామ్మగారు గోడ మీద దేశపటం వైపు చూశారు.

అన్నీ ముంచి చూసిన నేను ఈ ఒక్కటీ చూడలేదు. ఇన్నాళ్లూ ఆ ఆచారమే మాకు జనాన్ని తెచ్చిపెట్టింది. ఇప్పుడదే వాళ్లను పెట్టెకు రెండడుగుల దూరంలో నిలబెట్టేసింది. జాబితాలో ఉన్న పేరు మీరే చదవండి, ఆమె తల ఊపుతారు అని అధికారిని వేడుకున్నాను. ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "నేను చదివితే తల ఎవరైనా ఊపుతారు సార్. అది రుజువు ఎట్లా అవుతుంది?" ఆ మాటకు ఇంకెక్కడైనా అయితే లేచి కరచాలనం చేసి ఉండేవాణ్ణి. వరుస కదలడం లేదు. గేటు అవతల, పోలింగు హద్దుగా గీసిన సున్నపు గీత బయట, మామ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందో తెలియకపోయినా, వరుస ఆగిందని మాత్రం తెలిసింది. అతని చూపు అంగడి లోపలి బీరువాల వైపు అప్పుడే వెళ్లిపోయినట్టు నాకనిపించింది.

"ఏమి సామీ, ఎందుకు నిలిపేసినావు?" బామ్మగారి వెనకనుంచి ఇడ్లీల అవ్వ తొంగి చూసింది. సంగతి తెలుసుకుని ఫక్కున నవ్వింది. "ఇంతేనా! ఆయమ్మ ఎట్లా చెప్తాది? నేను చెప్తా రాసుకో." అని, వకీలు తాతగారి పేరును, బిరుదులూ, ఇంటిపేరూ, గౌరవవాచకాలూ ఏవీ తగిలించకుండా, ఇడ్లీలు అమ్మే గొంతుతో అరిచింది. బయట మామ పక్కన నిలబడి ఉన్న తాతగారు, ఎనభై ఏళ్లలో ఎవరూ తనను అలా పిలిచి ఉండనందువల్ల, అదెవరి పేరా అని చుట్టూ చూశారు.

అధికారి ఆలోచించాడు. ఓటరును ఎరిగిన మరొక ఓటరు గుర్తుపట్టి చెబితే సరిపోతుందన్నాడు. వెంటనే బామ్మగారు వెనక్కు తిరిగి, ఆ హార్బరు బండి లాగిన ముసలాయన పేరును, ఆయన జీవితంలో మొదటిసారిగా, చివర "గారు" చేర్చి పలికారు. అవ్వ బుగ్గలు నొక్కుకుంది. "ఓయమ్మో! మా ముసలోడు గారంట!" ఇక వరుస ఆగలేదు. ఒకరి భర్త పేరు ఇంకొకరు చెప్పుకుంటూ, గాజుల చేతులూ కాయలు కాచిన చేతులూ ఒకదాన్ని ఒకటి ముందుకు తోస్తూ సాగింది. అలా సాగుతూ సాగుతూ అత్త బల్ల దగ్గరకు వచ్చింది.

"పురుషన్ పేరు?"

అత్త వెనక్కు తిరిగి వరుసను చూసింది. నవ్వింది. అంతే. గేటు దాకా, గేటు దాటి మలుపు దాకా, ఉన్న స్త్రీలందరూ ఒక్క గొంతుతో మా మామ పేరు అరిచారు. బడి పెంకుల మీద పావురాలు లేచిపోయాయి.

అవతలి ఏజెంటు కుర్చీ మీదనుంచి ఎగిరి లేచాడు. "సార్! ఓటేసే చోట అభ్యర్థి పేరు అరుస్తున్నారు! ఇది ప్రచారం సార్!"

అధికారి నా వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"మీరు ప్రశ్న అడిగారు. జవాబు వచ్చింది" అన్నాను. "జవాబు బిగ్గరగా ఉన్నంత మాత్రాన తప్పయిపోదు."

లెక్కల మేష్టారుకు ఆ మాట నచ్చింది. "సరి" అన్నాడు. "ఇకమీదట ఒక్కరే చెప్పాలి." నేను కిటికీలోంచి బయటికి చూశాను. మామ కట్టుకున్న చేతులు విప్పేశాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తన పేరు వచ్చిన వైపుకు నమస్కారం పెడుతున్నాడు.

మామ గెలిచాడు. అత్త వల్లనే గెలిచాడని నేను నిరూపించలేను; అవతలి పక్షంలో తగాదాలు ఉన్నాయన్నారు, ఆనాడు వాతావరణం చల్లగా ఉందన్నారు, ఒక్క ప్రయోగంతో ఏ సిద్ధాంతమూ నిలవదు. తాతగారికి ఆ ఇబ్బంది లేదు. "ముక్కాలు భాగం మనవాళ్లేనని మొదటే చెప్పలా?" అన్నారు విజయసభలో. నేను ఆధారం అడగబోయి, వెండి గ్లాసు అందుకుని ఊరుకున్నాను. ఆ సభలో కుర్చీల క్రమం మారింది. వకీలు బామ్మగారి పక్క కుర్చీలో ఇడ్లీల అవ్వ కూర్చుని, ఈసారి కాగితాలు ఇంకొంచెం వెడల్పుగా అచ్చు వేయించాలని పక్షానికి సలహా ఇచ్చింది, ఏకగ్రీవంగా ఆమోదించారు. మరునాడు పొద్దున మామ తన మెత్తను తానే మోసుకొచ్చి అంగడి ముందర పరిచాడు. "ఎండ తగ్గిందిరా" అన్నాడు. తగ్గిందని నేనూ ధ్రువీకరించాను.

చాలాకాలం గడిచింది. నేను ఉద్యోగం చేసి, విరమించి, జుట్టంతా నెరిపించుకున్నాను. ఎవరైనా ఏదైనా చెబితే ఎట్లా తెలిసిందని ఇప్పటికీ అడుగుతాను. మా ఆవిడ నన్ను పేరు పెట్టే పిలుస్తుంది, నేను నిక్షేపంగానే ఉన్నాను. మామ ఇప్పుడు బాగా పెద్దవాడయ్యాడు. కనబడేది సగమే అయినా, అంగడి ముందర ఆ మెత్త మీదే కూర్చుని అందరినీ పలకరిస్తాడు. నేను వెళ్లినప్పుడల్లా అత్త అతన్ని కళ్లతో చూపించి, "చూసినావా? ఇన్నాళ్లూ నేను పేరు చెప్పలే" అంటుంది. ఒకే సీసాతో చేసిన ప్రయోగానికి విలువ లేదని నాకు తెలుసు. కాని ఇంత పొడుగున రాసి వెనక్కు చదువుకుంటే ఒక సంగతి కంటబడింది: మామ పేరు నేనూ ఎక్కడా రాయలేదు. మరచిపోయి కాదు. రెండుసార్లు రాసి కొట్టేశాను. ప్రయోగం ఇంకా నడుస్తుండగా సీసాను కదిలించరాదని మా ఆచార్యులు నేర్పారు. నేను పాటించింది అదొక్కటేనని, ఇందులో ఇంకే నమ్మకమూ లేదని, పాఠకులు దయచేసి ఆధారం అడగకుండా నమ్మాలి.